విమానంలో ఏకవచనం

ఆమెకు ఆ పేరు పెట్టింది కెప్టెన్. పద్దెనిమిదేళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే. పది సీట్ల చిన్న జెట్ విమానంలో ఆమె ఎప్పుడు వచ్చి పైలట్ల వెనక నిలబడేదో, టీ కప్పు ఎప్పుడు పెట్టి వెళ్ళేదో ఎవరికీ తెలిసేది కాదు. ఒకరోజు ఆయన వెనక్కి తిరిగి, "మౌనంగారూ, మీరు నేలమీద నడుస్తారా, గాల్లో నడుస్తారా?" అని అడిగాడు. ఆనాటి నుంచి కంపెనీలో అందరికీ ఆమె మౌనంగారే. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు.

ఆ పేరంటే ఆమెకు లోలోపల కాస్త గర్వం కూడా. మౌనం ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన విద్య. తండ్రికి మిల్లులో ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. పగలంతా నిద్ర. ఉన్నది ఒకటే గది, పిల్లలు నలుగురు. ఆ నలుగురూ జుట్టూ జుట్టూ పట్టుకుని కొట్టుకున్నా చప్పుడు లేకుండానే కొట్టుకునేవాళ్ళు. పెద్దయ్యాక హోటల్లో పనికి చేరితే అక్కడి పెద్ద వెయిటర్ ఇంకో కిటుకు నేర్పాడు. కప్పు బల్లమీద పెట్టేటప్పుడు ముందు చిటికెన వేలు ఆనించి, తర్వాత కప్పు దించాలి. అప్పుడు గాజుకీ చెక్కకీ మధ్య చిన్న శబ్దం కూడా పుట్టదు. ఆ వేలే తనకు విమానంలో ఉద్యోగం ఇప్పించిందని ఆమె నమ్మకం.

డబ్బున్నవాళ్ళ సొంత విమానాల్లో ప్రయాణికులు ముగ్గురో నలుగురో ఉంటారు. వాళ్ళకు వడ్డించడానికి ఒక్కరే మనిషి. అంత చిన్న విమానంలో ఎయిర్ హోస్టెస్ ఉండి తీరాలని రూలేమీ లేదు కాబట్టి, ఉన్న మనిషికి ట్రైనింగ్ ఇవ్వాలన్న ఆలోచనా ఎవరికీ రాలేదు. మొదట్లో ఒకసారి కెప్టెన్ తలుపు హ్యాండిల్ ఎటు తిప్పాలో, మంటలార్పే సిలిండర్ ఎక్కడ ఉంటుందో చూపించాడు. ఆమెకు తెలిసిన భద్రత అంతే. మిగతాదంతా సూప్ వేడిగా ఉండటం, దుప్పటి మడత నలగకుండా ఉండటం.

అలాంటిది నలభై ఆరో ఏట ఆమెను ఐదు రోజుల ట్రైనింగ్‌కి వెళ్ళమన్నారు. కంపెనీకి కొత్తగా వచ్చిన సేఫ్టీ ఆఫీసర్ పెట్టిన రూలు అది. క్యాబిన్‌లో పనిచేసే ప్రతివాళ్ళూ పరీక్ష పాసవ్వాలి, కాకపోతే విమానం ఎక్కడానికి వీల్లేదు. ఆమెకు చిన్నతనంగా అనిపించింది. ఇన్నేళ్ళు చేశాక ఇప్పుడు ఓనమాలా అని ఇంట్లో గొణుక్కుంది. ఆ గొణుగుడు కూడా ఎవరికీ వినపడలేదు.

ట్రైనింగ్ సెంటర్ విమానాశ్రయానికి అవతల, గోడౌన్ లాంటి పెద్ద షెడ్డు. లోపల ఇనప కాళ్ళమీద సగానికి కోసిన విమానం ఒకటి నిలబెట్టి ఉంది. పక్కన ఈత కొలను, అందులో పసుపుపచ్చ రబ్బరు పడవ. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు తొమ్మిదిమంది. ఎనిమిదిమందికి పాతికేళ్ళు దాటి ఉండవు. నేర్పేది ముప్ఫై మూడేళ్ళ స్త్రీ. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, మెడలో విజిల్ వేసుకుని ఉండేది. పెద్ద విమానాల్లో పదేళ్ళు పనిచేసి వచ్చిందట. పిల్లలంతా ఆవిడను మేడమ్ అనేవాళ్ళు. ఆవిడ మాత్రం ఈమెను వయసు చూసి అక్కా అనేది.

మొదటి మూడు రోజులూ బాగా గడిచాయి. బాగా గడవడమే కాదు, అక్కకే అన్నిట్లో ఎక్కువ మార్కులు. కళ్ళకు గంతలు కట్టి, ఆక్సిజన్ సీసా ఎక్కడుంది, టార్చి ఎక్కడుంది, పొగలో తలకు తొడుక్కునే ముసుగు ఎక్కడుందో వెతికి తెమ్మంటే పిల్లలు సీట్లకు మోకాళ్ళు కొట్టుకున్నారు. ఆమె తన వంటింట్లో పోపుడబ్బా అందుకున్నట్టు అందుకుంది. కొలనులో బట్టలతో సహా దూకి రబ్బరు పడవ ఎక్కింది. బొమ్మ మనిషి గుండెమీద రెండు చేతులూ వేసి, లెక్క తప్పకుండా నొక్కింది.

మూడో రోజు మధ్యాహ్నం మేడమ్ ఒక కాలిపోయిన సీటు ముక్కను చేతికిచ్చి అందరికీ చూపించింది. దాని మడతల్లో కరిగి అంటుకుపోయిన ఫోన్ ఉంది. సీటు సందులో ఫోన్ పడితే మనిషి చేసే మొదటి పని సీటు బటన్ నొక్కడం, సీటు కదిలి ఫోన్‌ను నలిపేస్తుంది, నలిగిన బ్యాటరీ బుస్సుమంటుంది అని చెప్పింది. అప్పుడు ఇంకోసారి బటన్ నొక్కనివ్వకూడదు. ముందు మంట ఆర్పాలి, ఆ తర్వాత చల్లబడేదాకా నీళ్ళు పోస్తూనే ఉండాలి. ఆరిపోయిందనుకుంటే మళ్ళీ అంటుకుంటుంది. ఆమె ఇదంతా నోటుబుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసుకుని, కింద గీత గీసుకుంది.

బండి ఆగింది నాలుగో రోజున.

ఆ రోజు విమానం ఖాళీ చేయించే పరీక్ష. సగం విమానంలో పిల్లలు ప్రయాణికుల్లా కూర్చున్నారు. దీపాలు ఆరిపోయాయి, సైరన్ మోగింది, తియ్యటి వాసన వేసే తెల్లటి పొగ మోకాళ్ళ దాకా దిగింది. తలుపు దగ్గర నిలబడి అందర్నీ బయటికి రప్పించాల్సింది ఆమె. నోరు తెరిచింది. "దయచేసి లేవండి సార్. ఇటువైపు రండి," అంది.

ఎవరూ లేవలేదు. ఆమె మాట్లాడిందన్న సంగతే ఎవరికీ తెలియలేదు. ముందు వరసలో కూర్చున్న పిల్ల ఒకతి తర్వాత నిజాయితీగా చెప్పింది, టీ కావాలా అని అడుగుతున్నారనుకున్నానని.

మూడుసార్లు చేయించారు. మూడుసార్లూ అంతే. గొంతు పెంచబోతే ఎక్కడో గొలుసు పట్టి లాగినట్టు ఆగిపోతోంది. మేడమ్ సైరన్ ఆపించి, బోర్డుమీద నాలుగు మాటలు రాసింది. లే. వదిలెయ్. ఇటు రా. దూకు.

ఆమె ఆ మాటలు చదివి సందేహం అడిగింది. మా విమానంలో ఎక్కేవాళ్ళంతా పెద్ద పెద్దవాళ్ళు, వయసులోనూ హోదాలోనూ, వాళ్ళను పట్టుకుని లే అని ఏకవచనంలో ఎలా అంటామని. పిల్లలు కిసుక్కున నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

"పొగలో ఉన్న మనిషి తను వచ్చిన తలుపు వైపే పోతాడక్కా, అది మూసుకుపోయినా సరే," అంది. "అతన్ని ఇటు తిప్పగలిగేది మీ గొంతొక్కటే. మీరు దయచేసి అనేలోపు పొగ ఇంకో మూర దిగుతుంది. మర్యాదలు కిందికి దిగాక నేలమీద ఇద్దురుగాని. అక్కడిదాకా మనిషి బతికుండాలిగా."

ఐదో రోజు ఎనిమిదిమందికి సర్టిఫికెట్లు ఇచ్చారు. ఆమెకు పది రోజుల తర్వాత మళ్ళీ రమ్మని చీటీ ఇచ్చారు.

ఇంట్లో ముగ్గురే. ఆమె, భర్త, అత్తగారు. భర్త హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆయన మైదానంలో అటెన్షన్ అంటే మూడో వీధిలో సైకిల్ తొక్కేవాడు కూడా నిటారుగా కూర్చుంటాడని చెప్పుకునేవాళ్ళు. అత్తగారికి రెండు చెవులూ దాదాపు వినపడవు. కొనిచ్చిన మిషను పెట్టుకుంటే గాలి కూడా అరుస్తున్నట్టుంటుందని ఆవిడ దాన్ని బీరువాలో దాచేసింది. కొడుకు మాట మాత్రం మిషను లేకుండానే వినపడేది. కోడలితో అంతా పెదాలు చూసుకోవడమే.

చీటీ చూసి మాస్టారు వెక్కిరించలేదు. ఆయనకు ఇది తన సబ్జెక్టు అనిపించింది. గొంతులోంచి అరిస్తే రెండు మాటలకే బొంగురుపోతుంది, బొడ్డు కిందనుంచి తేవాలని చెప్పి, ఆదివారం పొద్దున్నే స్కూలు మైదానానికి తీసుకెళ్ళాడు. ఒక గోల్ పోస్టు దగ్గర ఆమెను నిలబెట్టి, తను రెండో గోల్ పోస్టు దగ్గరికి నడిచాడు. అక్కడినుంచి అరవమని చెయ్యి ఊపాడు. ఆమె పెదాలు కదిలాయి. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చూసి, మళ్ళీ మైదానమంతా నడిచి వెనక్కి వచ్చాడు.

ఏమన్నావని అడిగితే, లేవండి అన్నానంది. అసలు చిక్కు అక్కడే ఉందని ఆయనకు అర్థమైంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె ఆయన్ను నువ్వు అనలేదు.

"ఈ పూటకి నేను నీ మొగుణ్ని కాదు," అన్నాడు. "నీ విమానంలో కూర్చున్న మొండి ప్రయాణికుణ్ని. పెట్టె పట్టుకుని లేవనంటున్నా. నన్ను దింపు చూద్దాం."

మళ్ళీ అంత దూరమూ నడిచి వెళ్ళి, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆమె కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. పొట్టలోకి గాలి పీల్చింది. ఏడోసారో ఎనిమిదోసారో, "లే" అన్న మాట ఒకటి బయటికి వచ్చి, మైదానం అవతలి గోడకు తగిలి తిరిగొచ్చింది. గేటు దగ్గర పడుకున్న కుక్క లేచి నిలబడింది. మాస్టారు లేచి ప్యాంటు దులుపుకున్నాడు. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఎందుకో కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. చిన్నప్పుడు నిద్రపోతున్న నాన్న గుర్తొచ్చాడేమో.

అసలు పరీక్ష మాత్రం ఇంట్లోనే జరిగింది. నాలుగు రోజుల తర్వాత ఆమె వంటింట్లో నిలబడి, వెనక వరండాలో కుర్చీలో కూర్చుని స్వెటర్ అల్లుకుంటున్న అత్తగారి వీపు చూస్తూ, పొట్టలోకి ఊపిరి పీల్చి లే అంది. ఊలు ఉండ దొర్లిపోయింది. ముసలావిడ స్ప్రింగులా లేచి నిలబడి వెనక్కి తిరిగింది.

"ఏమైందే, ఇల్లంటుకుందా?" అంది. తర్వాత విషయం తెలిసి, ముక్కుమీద వేలేసుకుంది. "ఇన్నేళ్ళకి నీ మాట నా చెవిన పడిందనుకుంటే, ఆ పడ్డ మొదటి మాట ఇదా?"

అలిగిందేమోనని కోడలు భయపడింది. అలగలేదు సరికదా, మా కోడలికి గొంతుందని వారంపాటు వీధంతా చెప్పుకుంది. పదో రోజున మేడమ్ ఆ గొంతు విని, కాగితం మీద టిక్కు పెట్టి, సర్టిఫికెట్ చేతిలో పెట్టింది.

ఇది జరిగిన మూడు నెలలకు, ఒక మధ్యాహ్నం, ఆమె పెద్దాయన ప్రయాణంలో ఉంది.

పెద్దాయన అంటే విమానం యజమాని. దాన్ని నడిపే పని కంపెనీకి అప్పగించాడు. డెబ్భై ఏళ్ళు. ఆయన గదిలోకి వస్తే అందరూ లేచి నిలబడేవాళ్ళు, ఆయన కూర్చోమంటే కూర్చునేవాళ్ళు. కోపిష్ఠి కాదు. మాట తక్కువ. ఆయన తాగే మంచినీళ్ళు ఏదో కొండ ఊటవట, ఆ సీసాలు డజను ఎప్పుడూ విమానంలో ఉండాలి. ఆయన వెంట నీడలా సెక్రటరీ ఉండేవాడు. ట్రైనింగ్ అయ్యాక, బయల్దేరే ముందు తలుపులు, బెల్టులు, ఆక్సిజన్ మాస్కులు ఎలా వాడాలో ఆమె చెప్పబోతే, సార్‌కి అవన్నీ తెలుసమ్మా అని అతనే చేతితో ఆపేసేవాడు.

భోజనం అయ్యాక పెద్దాయన బూట్లు విప్పి, సీటు వెనక్కి వాల్చి ఒక కునుకు తీశాడు. లేచి బటన్ నొక్కాడు. సీటు పైకి వస్తూ వస్తూ టక్కుమంది. ఏదో విరిగినట్టు. ఆయన సీటు పక్కకు వంగి, నా ఫోన్ అన్నాడు. అదే క్షణంలో కింద సందులోంచి బుస్సుమని చప్పుడు, వెంటనే బూడిదరంగు పొగ. ఫోన్ తీయడానికి ఆయన వేలు మళ్ళీ బటన్ మీదికి వెళ్ళింది.

"వదిలెయ్," అంది ఆమె. "బటన్ వదిలెయ్. లే. వెనక్కి పో."

విమానమంతా వినపడింది. పెద్దాయన లేచాడు. ఆలోచించి లేవలేదు, కాళ్ళు వాటంతటవే లేచాయి. సాక్సులతోనే వెనకున్న సోఫా దగ్గరికి వెళ్ళిపోయాడు. సెక్రటరీ మాత్రం తను ఎక్కిన తలుపు వైపు పరుగెత్తాడు. విమానం ఇరవై వేల అడుగుల ఎత్తులో ఉందన్న సంగతి ఆ క్షణంలో అతనికి గుర్తులేదు. అతన్నీ ఒక్క కేకతో వెనక్కి తిప్పి, కూర్చోబెట్టి, ఇద్దరికీ తడి తువ్వాళ్ళు విసిరి ముక్కుకు పెట్టుకోమంది. పైలట్లకు విమానంలోని ఇంటర్‌కమ్ ఫోన్‌లో మూడు ముక్కల్లో చెప్పింది. ముసుగు తొడుక్కుంది, చేతులకు గ్లవ్స్ వేసుకుంది, సిలిండర్ పిన్ను లాగింది.

మంట మొదటి దెబ్బకే అణిగింది. ఆమె నమ్మలేదు. నీళ్ళసీసా మూత తిప్పి, సందులో పోసింది. మళ్ళీ బుస్సుమంది, చిన్న నీలపు నాలుక లేచింది. సిలిండర్ ఇంకోసారి కొట్టి, ఇంకో సీసా పోసింది. అలా ఒకదాని తర్వాత ఒకటి, ఆ కొండ ఊట నీళ్ళన్నీ యజమాని సీట్లోకే పోసింది. ముసుగులో తన ఊపిరే తనకు పెద్దగా వినపడుతోంది. భయం వేసిందా అంటే, వేసిందనే చెప్పాలి. కానీ భయపడటానికి చేతులు ఖాళీగా లేవు.

కెప్టెన్ దగ్గర్లోని చిన్న రన్‌వే మీద దింపేసరికి పదమూడు నిమిషాలు పట్టింది. విమానం ఆగగానే తలుపు తెరిచి, ఇటు రా, దిగు అంటూ ఇద్దర్నీ దింపింది. పెద్దాయన చెయ్యి అలవాటుగా తన తోలు సంచీ వైపు వెళ్ళింది. వదిలెయ్ అంది. వదిలేశాడు. అగ్నిమాపక బండి వచ్చి, సీటు ఊడదీసి చూసేసరికి ఫోన్ నల్లటి బొగ్గు ముక్కలా, తడిసి చల్లగా ఉంది.

రన్‌వే పక్కన ఉన్న చిన్న ఆఫీసు గదిలో కూర్చుంటే, కెప్టెన్ ఎక్కడో వెతికి టీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. కిటికీలోంచి చూస్తే పెద్దాయన గడ్డిమీద సాక్సులతో నిలబడి, విమానం వైపే చూస్తున్నాడు. సెక్రటరీ ఎవరితోనో ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతున్నాడు.

వారం తర్వాత కంపెనీకి ఉత్తరం వచ్చింది. సెక్రటరీ రాసినది, రెండు పేజీలు. మంట గురించి ఒక వాక్యమే ఉంది. మిగతాదంతా యజమానిని ఏకవచనంలో సంబోధించడం గురించి. ఆపరేషన్స్ మేనేజర్ ఆమెను పిలిపించాడు. చెడ్డవాడు కాదు, పెద్ద క్లయింటు చెయ్యి జారిపోతాడేమోనన్న కంగారు ఆయనది. నువ్వు చేసింది తప్పని నేననను, కానీ ఒక రెండు లైన్లు క్షమాపణ రాసిచ్చేస్తే పోతుందిగా అని తెల్లకాగితం, పెన్ను ముందుకు జరిపాడు. పక్కనే సేఫ్టీ ఆఫీసర్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఆమె పెన్ను తీసుకుంది. గౌరవనీయులైన అని రాసింది. తర్వాత ఏం రాయాలో తోచలేదు. క్షమాపణ చెప్పడం ఆమెకు కొత్త కాదు. సూప్ చల్లారినందుకు, మబ్బుల్లో విమానం ఊగినందుకు, ఆలస్యమైనందుకు, తనది కాని తప్పులకు కూడా పద్దెనిమిదేళ్ళుగా చెబుతూనే ఉంది. ఇది మాత్రం చేతికి రావడంలేదు. పెన్ను మూత పెట్టి బల్లమీద ఉంచింది.

"రేపు మళ్ళీ పొగొస్తే మళ్ళీ అలాగే అంటాను సార్," అంది. "అందుకని ఇది రాయలేను."

ఎప్పటిలాగే ఎంత మెల్లగా అందంటే, మేనేజర్ ముందుకు వంగి, ఏమన్నావని అడగాల్సి వచ్చింది. రెండోసారీ అదే మాట, అంతే మెల్లగా చెప్పింది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆమెకు డ్యూటీ వేయలేదు. ఉద్యోగం పోతే ఏం చేద్దామని ఇంట్లో మాటలు నడిచాయి. మాస్టారు పైకి ధైర్యం చెబుతూనే, రెండు పూటలూ తిండి సరిగ్గా తినలేదు. అత్తగారికి సంగతి కాగితం మీద రాసి చూపిస్తే, ఆ సెక్రటరీని నా ముందు కూర్చోబెట్టండి, ఏకవచనం అంటే ఏమిటో నేను చెబుతానంది.

సేఫ్టీ ఆఫీసర్ మాత్రం తన పని తను చేసుకుపోయాడు. విచారణలో ప్రయాణికుల వాంగ్మూలం తీసుకోవాలన్నది రూలు. దాన్ని పట్టుకుని నేరుగా పెద్దాయన ఆఫీసుకే వెళ్ళాడు. అక్కడ జరిగింది ఆయనే తర్వాత ఆమెకు చెప్పాడు. మీ ఉత్తరం విషయం అని మొదలుపెడితే, ఏ ఉత్తరం అని అడిగాడట పెద్దాయన. ఆయనకు దాని సంగతే తెలియదు. తెప్పించుకుని, అద్దాలు పెట్టుకుని, రెండు పేజీలూ నిదానంగా చదివాడట. చదివి సెక్రటరీ వైపు చూశాడట. అతను నేలచూపులు చూశాడు.

"ఆమె నన్నేమని పిలిచిందో నాకు గుర్తులేదు," అన్నాడట పెద్దాయన. "లేవమంది. లేచాను. అంతే రాసుకోండి."

సేఫ్టీ ఆఫీసర్ అంతే రాసుకున్నాడు. ఆ కాగితంతో ఫైలు మూసేశారు. అయితే మూసే ముందు ఆయన కంపెనీ రూళ్ళలో ఒక వాక్యం చేర్పించాడు. ప్రయాణికుడు ఎంతటివాడైనా, బయల్దేరే ముందు భద్రత గురించి చెప్పడాన్ని ఎవరూ ఆపకూడదని.

మేడమ్‌కు కబురు ఎలా తెలిసిందో గానీ, నెలకొక రోజు వచ్చి, విమానంలో ఒక్కరే ఉండి పనిచేసేవాళ్ళకు పాఠం చెప్పమని అడిగింది. పక్కన అందుకునేవాళ్ళు లేనప్పుడు ముందు ఏది చేయాలి, ఏది తర్వాత చేసినా ఫర్వాలేదు అన్నది పుస్తకాల్లో సరిగ్గా లేదని. నాకు చెప్పడం రాదని ఆమె అంది. రాకపోతే నేర్చుకుందురుగాని అని మేడమ్ తారీఖు రాసేసుకుంది.

రెండు నెలల తర్వాత పెద్దాయన మళ్ళీ ఆమె విమానం ఎక్కాడు. కొత్త సీటు వేశారు, తోలు వాసన ఇంకా పోలేదు. సెక్రటరీ వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాడు. ఆమె చేతిలో భద్రతా సూచనల కార్డు పట్టుకుని పెద్దాయన ముందు నిలబడింది. ఆయన చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. బెల్టు ఎలా విప్పాలో, ఆక్సిజన్ మాస్కు ఎక్కడినుంచి పడుతుందో, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో, ఫోన్ సందులో పడితే ఏం చేయకూడదో చెప్పింది. మధ్యలో ఒక్కసారీ ఆపకుండా విన్నాడు. ఆ చివరి మాటకు మాత్రం చేతిలో ఉన్న ఫోన్‌ను తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అంతా అయ్యాక, ఏమైనా అడగాలా సార్ అంది.

"మేం అటునుంచి దిగుతాం. బాగుంది," అన్నాడాయన. "మరి నువ్వెటునుంచి దిగుతావమ్మా?"

పద్దెనిమిదేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. జవాబు కార్డుమీద కూడా లేదు.

"అదే తలుపు సార్," అంది ఆమె. "అందరూ దిగారని చూసుకున్నాక."

ఆయన తలుపు వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసి, తల ఊపి బెల్టు పెట్టుకున్నాడు. ఆమె కార్డును దాని జేబులో పెట్టి, ముందుకు వెళ్ళి, క్యాబిన్ సిద్ధమని కెప్టెన్‌తో చెప్పింది.